మేరీ మహాలక్ష్మి కాకపోయి ఉంటే? ('మిస్సమ్మ' చూశాక అమ్మమ్మ అడిగిన ప్రశ్న)

నల్లకుంట పావురం
సోమవారం, రాత్రి 9:12

నిన్న అమ్మమ్మతో కూర్చుని మళ్ళీ 'మిస్సమ్మ' చూశాను. మాది నల్లకుంటలో పాత ఇల్లు. టీవీ మీద కప్పడానికి అమ్మమ్మ అల్లిన క్రోషియా గుడ్డ ఇంకా ఉంది. టీవీలు పల్చబడ్డాక అది సెట్‌టాప్ బాక్స్ మీదకి దిగింది. అమ్మమ్మకి 84. ఈ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. డైలాగు రాకముందే పెదాలు కదుపుతుంటుంది.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. అప్పాపురం జమీందారు తన స్కూలుకి బీఏ పాసైన మొగుడూ పెళ్ళాలే టీచర్లుగా కావాలని ప్రకటన ఇస్తాడు. ఉద్యోగం లేని ఎం.టి. రావు, అప్పుల్లో ఉన్న మేరీ కలిసి దంపతులమని అబద్ధం చెప్పి చేరతారు. ఆయన హిందువు, ఆవిడ క్రిస్టియన్. చివర్లో కాలి మీద పుట్టుమచ్చ చూసి, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మే ఈ మేరీ అని తెలుసుకుంటారు. శుభం.

నేను ఎప్పటిలాగే అక్కడ కళ్ళు తుడుచుకున్నాను. అమ్మమ్మ మాత్రం వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండా, "ఆ మచ్చ లేకపోతే ఏం చేసేవాళ్ళే?" అంది.

ఇన్నేళ్ళుగా చూస్తున్న సినిమాకి ఇప్పుడొచ్చిందా డౌటు అన్నాను. "అప్పుడే వచ్చింది. అడగడానికి అప్పుడెవరున్నారు?" అంది.

అందుకే ఇక్కడ అడుగుతున్నా. మచ్చ లేకపోతే ఏమయ్యేది?


రెండో షో
సోమవారం, రాత్రి 9:31

ఏమీ అయ్యేది కాదు. ఇంకో రీలు నడిచేది. అది కామెడీ అండి బాబూ, చివరికి అందరి పెళ్ళిళ్ళూ అవ్వాలి, అయ్యాయి. వెన్నెల్లో పాటలు విని పడుకోక ఈ పోస్టుమార్టం ఎందుకు?


పాతరీలు
సోమవారం, రాత్రి 10:05

రెండో షో గారూ, పోస్టుమార్టం చేసినా కందిపోని సినిమా అది. చెయ్యనివ్వండి.

1955 జనవరి 12న వచ్చింది. విజయా వారిది, ఎల్వీ ప్రసాద్ దర్శకత్వం, చక్రపాణి గారి రచన. 'మన్మొయీ గర్ల్స్ స్కూల్' అనే బెంగాలీ నాటకం దీనికి మూలం. చక్రపాణి గారికి బెంగాలీ బాగా వచ్చు, శరత్ నవలలు తెలుగులోకి తెచ్చింది ఆయనే. మాటలు, పాటలు పింగళి. డబ్బుకి 'తైలం' అని రేలంగి నోట పలికించింది ఆయనే. మా ఆఫీసులో నేను రిటైరయ్యేదాకా ఆ మాట వాడుకలో ఉంది. ఫైలు కదలకపోతే "తైలం పడలేదేమో" అనేవాళ్ళం. అది సినిమా మాట అని కుర్ర గుమాస్తాలకి తెలియదు.

ఎన్టీఆర్ పాటలకి ఘంటసాల లేకపోవడం ఇందులో ఇంకో విశేషం. ఏ.ఎం. రాజా పాడాడు. సాలూరి రాజేశ్వరరావు ఆ మెత్తటి గొంతుని అలా వాడుకున్నాడు కాబట్టే రావు మనకి హీరోలా కాక, పక్కింటి నిరుద్యోగిలా వినిపిస్తాడు.

మొదట మేరీ వేషం భానుమతిది. కొంత షూటింగ్ కూడా అయింది. ఆవిడకీ చక్రపాణి గారికీ పట్టింపులు వచ్చి, సీత వేషానికి అనుకున్న సావిత్రిని మేరీని చేశారు. సీతగా జమున వచ్చింది. భానుమతి మేరీ అయ్యుంటే రావు పరిస్థితి ఏమిటా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మొదటి వారంలోనే రాజీనామా ఇచ్చి పారిపోయేవాడు.

ఇక అమ్మమ్మ గారి ప్రశ్న. ఆలోచించి చెబుతాను.


టులెట్ బోర్డు
సోమవారం, రాత్రి 10:40

సినిమా సంగతి నాకు అంత తెలీదు గానీ ఆ జమీందారు ఇప్పుడు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఉంటున్నాడు. ఒక్కడు కాదు, గేటుకొకడు. 'ఫ్యామిలీస్ ఓన్లీ'. నేను 19 ఇళ్ళు చూశాను. జీతం, ఉద్యోగం, ఊరు, కులం అన్నీ అడిగి, చివర్లో "పెళ్ళయిందా?" అంటారు. కాలేదనగానే నీళ్ళ ప్రాబ్లం ఉంది బాబూ అంటారు. అప్పటిదాకా 24 గంటలు మంజీరా నీళ్ళే.

విసుగొచ్చి నా కొలీగ్‌ని బతిమాలాను. ఒక్క అరగంట నా భార్యలా వచ్చి ఇల్లు చూసి వెళ్ళమని. తను నవ్వుకుంటూ ఒప్పుకుంది. చీర కూడా కట్టుకొచ్చింది పాపం. ఓనరమ్మ కాఫీ ఇచ్చింది. పుట్టిల్లెక్కడ, అత్తగారు మంచిదేనా, అన్నీ అడిగింది. తను చకచకా చెప్పేసింది, లేని అత్తగారి మీద రెండు చాడీలు కూడా. నేను మనసులో అడ్వాన్సు లెక్కపెట్టుకుంటున్నాను. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకోవడానికి వంగిందా, ఓనరమ్మ కాళ్ళు చూసి మెల్లగా అంది: "మట్టెలేవి బిడ్డా?"

అంతే. ఇద్దరం మెట్లు దిగొచ్చేశాం. మిస్సమ్మలో కాలి మచ్చ కథని కలిపితే నా కథలో ఖాళీ కాలు చెడగొట్టింది.


సీతాఫలం
మంగళవారం, ఉదయం 7:15

టులెట్ బోర్డు బాబూ, పొద్దున్నే నవ్వించావు. ఆ ఓనరమ్మ డిటెక్టివ్ రాజు కంటే నయం. ఏఎన్నార్ సినిమా అంతా భూతద్దం పట్టుకు తిరిగి కనిపెట్టింది ఈవిడ చెప్పుల దగ్గర కనిపెట్టేసింది.

చిన్న మాట. పోయిన నెల మా అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్‌కని బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కళ్ళలో చుక్కలు వేయించుకుని, కళ్ళు మూసుకునే అడిగింది, "ఈ ప్రసాద్ గారు మన మిస్సమ్మ ప్రసాద్ గారేనా?" అని. ఆయనేనన్నాను. 1987లో ఆసుపత్రి మొదలైనప్పుడు స్థలం, విరాళం ఇచ్చింది ఆ కుటుంబమే, అందుకే ఆ పేరు. "అయితే బాగానే చూస్తారులే" అని ధైర్యంగా కూర్చుంది.


ఇన్‌స్టంట్ కాఫీ
మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాది రివర్స్ కేసు. మేం 'పెళ్ళిపుస్తకం' బ్యాచ్.

ఇద్దరం గచ్చిబౌలిలో ఒకే ఆఫీసు, ఒకే టీం. మొగుడూ పెళ్ళాలు ఒకే మేనేజర్ కింద ఉండకూడదని అక్కడ రూలు. ఒకరు వేరే ప్రాజెక్టుకి మారాలి, మారితే ఆ ఏడాది ప్రమోషన్ గోవిందా. హోమ్ లోన్‌కి అప్లై చేసి ఉన్నాం. తెనాలిలో పెళ్ళి చేసుకుని, "అక్క పెళ్ళి" అని ఒకరు, "గృహప్రవేశం" అని ఒకరు సెలవు పెట్టి, వచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాం. 7 నెలలు.

మెట్రోలో అమీర్‌పేట దగ్గర లైను మారేటప్పుడు మా ఆవిడ నల్లపూసలు తీసి కళ్ళజోడు పెట్టెలో పెట్టేది. సాయంత్రం మళ్ళీ అదే స్టేషన్లో వేసుకునేది. ఆఫీసులో "మీరు" అనేది. ఇంటికొచ్చాక కూడా అలవాటులో "మీరు ఉప్పు అందుకుంటారా" అనేసేది, ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. మొదట్లో సరదాగానే ఉంది. తర్వాత ఎవరో మా ఆవిడకి సంబంధం తెచ్చారు. నా ముందే, నా టీం లీడే, వాళ్ళ తమ్ముడికి. కుర్రాడు మంచివాడు కూడా. నేను స్క్రీన్ వైపు చూస్తూ ఖాళీ ఎక్సెల్ షీట్లో అంకెలు కొట్టాను.

పట్టించింది మాత్రం దొండకాయ వేపుడు. వారం రోజులు ఇద్దరి బాక్సుల్లో ఒకే కూర ఉంటోందని ఒకమ్మాయి గమనించింది. దాంతో రెండు కూరలు చేయడం మొదలుపెట్టాం, పొద్దున్నే 5:30కి లేచి. అయినా దొరికాం. ఒకరోజు లంచ్ టేబుల్ దగ్గర ఆ అమ్మాయే అంది: "కూరలు వేరే, కానీ పోపులో వెల్లుల్లి రెండిట్లోనూ ఒకేలా మాడింది."

పోపు పెట్టేది నేను. అదీ సంగతి.


పాతరీలు
మంగళవారం, మధ్యాహ్నం 3:48

కాఫీ గారూ, మీ వెల్లుల్లి బాపు-రమణలు విని ఉంటే సినిమాలో పెట్టేవారు.

'పెళ్ళిపుస్తకం' 1991. కథ రావి కొండలరావు గారిది. ఆయన విజయా వారి పత్రిక 'విజయచిత్ర'లో ఏళ్ళ తరబడి పనిచేసినవారు. పెళ్ళికాని జంట పెళ్ళయిందని చెబితే 'మిస్సమ్మ'. పెళ్ళయిన జంట కాలేదని చెబితే? అంతే, చొక్కా తిరగేసి తొడిగారు. రాజేంద్రప్రసాద్, దివ్యవాణి, యజమానిగా గుమ్మడి.

ఇప్పుడు అసలు సంగతి. సావిత్రి 1952లోనే జెమినీ గణేశన్‌ని పెళ్ళి చేసుకుంది. బయటకి చెప్పలేదు. 1956లో ఒక సబ్బు ప్రకటన కింద 'సావిత్రి గణేశ్' అని సంతకం పెట్టాక లోకానికి తెలిసింది. ఆ రెంటికీ మధ్యలో, 1955లో, 'మిస్సమ్మ'. తమిళంలో అదే కథ 'మిస్సియమ్మ'గా ఒకేసారి తీశారు. అందులోనూ మేరీ సావిత్రే. మరి రావు వేషం ఎవరు? జెమినీ గణేశన్.

అంటే పెళ్ళయిన సంగతి దాచిన మొగుడూ పెళ్ళాలు, కెమెరా ముందు, పెళ్ళికాకుండా అయిందని అబద్ధం చెప్పే ఇద్దరిగా నటించారు. పైగా సినిమా అంతా ఆవిడ ఆయన్ని విసుక్కుంటూ ఉండాలి. మిస్సమ్మ, పెళ్ళిపుస్తకం రెండూ ఒకే సెట్టు మీద నడిచాయన్నమాట, 36 ఏళ్ళ ముందే.


రెండో షో
మంగళవారం, సాయంత్రం 6:02

సరే, పాతరీలు గారు ఈ దెబ్బతో నన్ను కూర్చోబెట్టేశారు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, కొంచెం.

నిన్న రాత్రి మళ్ళీ చూశాను. నాకు కనపడింది ఇది. మచ్చ బయటపడే సరికి మేరీ మనసు ఎప్పుడో మారిపోయింది. సీతకి రావు సంగీతం నేర్పుతుంటే గుమ్మంలో నిలబడి చూసే చూపుందే, అది ఇష్టం లేని మనిషి చూపు కాదు. కడుపు మండిన పెళ్ళాం చూపు. ఆ అబద్ధంలో కొన్నాళ్ళు కాపురం చేసేసరికి అబద్ధానికే అలవాటు పడిపోయారు. రావుకి ఆవిడ మహాలక్ష్మి అయినా ఒకటే, కాకపోయినా ఒకటే. మచ్చ కావలసింది జమీందారుకి. టిక్కెట్టు కొన్నవాళ్ళకి.


మెట్టుగూడ
మంగళవారం, రాత్రి 8:55

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆగాను.

మాది మెట్టుగూడ, మా నాన్న రైల్వేలో చేసేవారు. మేం క్రిస్టియన్లం. మా అమ్మకి ఈ సినిమా ప్రాణం. మేరీమాత మీద లీల పాడిన పాట అమ్మ గిన్నెలు తోముకుంటూ పాడేది. మాది ప్రొటెస్టెంట్ చర్చి, మేరీమాతకి మేం ప్రార్థన చెయ్యం. అయినా పాడేది. సినిమాలో హీరోయిన్ మనావిడ కదా అని ఆ గర్వం. అప్పట్లో తెరమీద మా ఇంటి మనిషి లాంటి అమ్మాయి అంత అందంగా, అంత పౌరుషంగా కనపడటం చిన్న సంగతి కాదు. సావిత్రి ఆ అమ్మాయిని ఎక్కడా కించపరచలేదు, అది ఒప్పుకుంటాను.

కానీ చివరికొచ్చేసరికి అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నాకు పెద్దయ్యాక అర్థమైంది. మా మేరీని మీరు మహాలక్ష్మిని చేసేసుకున్నారు. ఆ పిల్లని చేరదీసి, పెంచి, అప్పు చేసి చదివించింది ఎవరు? పాల్. ఆ పెంచిన తండ్రికి ఆఖర్న మిగిలిందేమిటి? ఇంకోటి చూడండి. సినిమాలో ఆ పిల్లని చేసుకుంటానని వెంటపడే క్రిస్టియన్ కుర్రాడు డేవిడ్ అంటే అప్పు పేరు చెప్పి పీడించే రమణారెడ్డి. మంచివాడొక్కడు కూడా దొరకలేదా మాలో?

మా పిన్ని 1989లో హిందువుల అబ్బాయిని చేసుకుంది. మచ్చ ఏమీ లేదు ఆవిడకి. రెండు వైపులా మూడేళ్ళు మాటల్లేవు. బాబు పుట్టాక తాతయ్య రైలు పాసు మీద విజయవాడ వెళ్ళి, పిల్లాణ్ణి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా అదే రోజు రాత్రి బండికి వచ్చేశారు. ఆ తర్వాత నెలనెలా వెళ్ళారు. అమ్మమ్మగారికి ఇది చెప్పమ్మా. మచ్చ లేకపోతే మూడేళ్ళు పడుతుందని.


ఫంక్షన్ హాల్
మంగళవారం, రాత్రి 11:30

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తా. కొంపల్లి వైపు ఎక్కువ. 12 ఏళ్ళుగా జీలకర్ర బెల్లం దగ్గర 'శ్రీరస్తు శుభమస్తు' పెట్టని క్యాసెట్ లేదు, సీడీ లేదు, పెన్‌డ్రైవ్ లేదు. ఆరుద్ర రాశారు, మహదేవన్ ట్యూను, బాలు-సుశీల పాడారు. ఈమధ్య పెళ్ళికూతుళ్ళు "అంకుల్, ఆ ఓల్డ్ సాంగ్ వద్దు" అంటారు. సరే అని తీసేస్తా. వారం తర్వాత వాళ్ళ అమ్మ ఫోన్ చేస్తుంది, పెట్టమని. ఒక కాపీ రెడీగానే ఉంచుతా.

ఈ థ్రెడ్ చదివాకే తట్టింది. తెలుగువాళ్ళ ప్రతి పెళ్ళిలో మోగే పాట, పెళ్ళయిన సంగతి దాచిపెట్టే సినిమాలోది!


కోర్టు ఫైలు
బుధవారం, ఉదయం 10:10

వృత్తిరీత్యా ఒక తేదీ చెప్పాలి.

'మిస్సమ్మ' విడుదల 1955 జనవరి 12 అన్నారు పాతరీలు గారు. స్పెషల్ మ్యారేజ్ యాక్టు 1954లో పాసైంది, అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1న. అంటే సినిమాకి సరిగ్గా 11 రోజుల ముందు. రెండు మతాల వాళ్ళు, ఎవరి మతం వాళ్ళు ఉంచుకుని పెళ్ళి చేసుకోవచ్చని ఆ చట్టం. కాబట్టి అమ్మమ్మగారి ప్రశ్నకి లాయరు జవాబు ఇది: మచ్చ లేకపోతే రావు, మేరీ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళేవారు.

వెళ్ళాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి, అప్పాపురంలో అది ఎప్పుడో అయిపోయింది. నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అతికిస్తారు. 30 రోజులు గడువు. ఆ లోపల ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. వయసు చాలకపోవడం, ఇంతకుముందే భార్యో భర్తో ఉండటం, వరస కలవకపోవడం లాంటి వాటి మీదే. మతం వేరు అన్నది అభ్యంతరం కాదు. తర్వాత ముగ్గురు సాక్షులు.

తమాషా చూడండి. ఊరందరికీ మొగుడూ పెళ్ళాలుగా తెలిసినవాళ్ళు, పెళ్ళి చేసుకోబోతున్నామని నోటీసు అంటించాలి. జమీందారు ఎస్వీఆర్ ఆ బోర్డు ముందు నిలబడి చదువుకునే సీను ఊహించుకుంటే, ఆ మీసం కింద ఏ ఎక్స్‌ప్రెషన్ వచ్చేదో!


నల్లకుంట పావురం
బుధవారం, ఉదయం 10:24

ఆంటీ, ఆ నోటీసు బోర్డు మీద ఫోటోలు కూడా ఉంటాయా? ఎవరైనా తెలిసినవాళ్ళు వేరే పని మీద వచ్చి చూస్తే? 30 రోజులకి ఒక్కరోజు కూడా తగ్గదా?


రెండో షో
బుధవారం, ఉదయం 10:31

పావురం గారూ, ఈ ప్రశ్న మీ అమ్మమ్మగారిదా?


మెట్టుగూడ
బుధవారం, ఉదయం 10:35

రెండో షో గారూ, ఆ మాట అలా వదిలేయండి.


కోర్టు ఫైలు
బుధవారం, ఉదయం 10:52

తల్లీ, పర్సనల్ మెసేజ్ పెట్టాను. చూసుకో. ఇక్కడ రాయకు.


టులెట్ బోర్డు
గురువారం, రాత్రి 9:00

థ్రెడ్ చల్లబడింది. పావురం గారు కనపడటం లేదు. ఈలోపు 20వ ఇల్లు కూడా పోయింది. ఈసారి నీళ్ళ ప్రాబ్లం కాదు, "మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది."


ఇన్‌స్టంట్ కాఫీ
గురువారం, రాత్రి 9:18

అన్నా, మా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌ని అడుగుతాను. దొరికాక ఏమైందో చెప్పలేదు కదా: మా ఆవిడ వేరే ప్రాజెక్టుకి మారింది. ప్రమోషన్ పోయింది. ఆ వెల్లుల్లి కనిపెట్టిన అమ్మాయే మా గృహప్రవేశానికి మొదట వచ్చింది, ఈసారి నిజం గృహప్రవేశం.


నల్లకుంట పావురం
శనివారం, రాత్రి 10:47

ఆలస్యానికి సారీ. ఆంటీ, మెసేజ్‌కి థాంక్స్.

ఇవాళ మధ్యాహ్నం అమ్మమ్మకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. దొండకాయ దగ్గర నవ్వింది. సావిత్రి, జెమినీ సంగతి దగ్గర "తెలుసు" అంది, మళ్ళీ చదవమంది. మెట్టుగూడ ఆంటీ రాసింది చదువుతుంటే వత్తులు చేయడం ఆపేసింది. "నిజమే, ఆ పెంచినాయన బాధకి ఒక సీను పెట్టాల్సింది." అంది. చాలాసేపు దాని గురించే మాట్లాడింది.

చట్టం దగ్గరికి వచ్చేసరికి నేను పేజీ గబగబా కిందకి జరిపేశాను. అమ్మమ్మ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మధ్యలో ఏదో వదిలేశావు. అది కూడా చదువు" అంది.

చదివాను. నా ప్రశ్న కూడా చదివాను.

ఏమీ అనలేదు. సాయంత్రం దీపం పెట్టాక వచ్చి, "ఆ విజయవాడ ఆయన, పిల్లాణ్ణి చూసి మాట్లాడకుండా వచ్చేశాడన్నావే, వెళ్ళేటప్పుడు చేతిలో ఏమైనా పట్టుకెళ్ళాడా అడుగు" అంది.


మెట్టుగూడ
శనివారం, రాత్రి 11:02

బందరు లడ్డూలు. తాతయ్య ఎప్పుడూ ఆ సంచీ అక్కడే మర్చిపోయొచ్చానని చెప్పేవారు.


టులెట్ బోర్డు
శనివారం, రాత్రి 11:15

అందరూ ఏడిపించేస్తున్నారు. పావురం గారూ, అడగకూడని టైమేమో గానీ, నల్లకుంటలో పాత ఇల్లు అన్నారు. మేడ మీద గది ఏదైనా ఖాళీగా ఉందా? బ్యాచిలర్‌కి ఇస్తారా?


నల్లకుంట పావురం
శనివారం, రాత్రి 11:21

ఉంది. అమ్మమ్మ ఇంకా మేలుకునే ఉంది, అడిగాను.

బీఏ పాసయ్యావా అని అడగమంటోంది.